ముందు పద్ధతి, ఆ తర్వాతే బరువు



2000 సంవత్సరం, సెప్టెంబరు 19. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగ్, 69 కిలోల విభాగం. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న చెక్క వేదిక. దాని మధ్యలో ఒక ఉక్కు కడ్డీ. ఆటలో దాన్ని బార్ అంటారు. ఆడవాళ్లు ఎత్తే బార్ ఒక్కటే 15 కిలోలు తూగుతుంది. దాని రెండు చివర్లా గుండ్రటి బిళ్లలు ఎక్కిస్తారు. ఎర్ర బిళ్ల 25 కిలోలు, నీలం బిళ్ల 20, పసుపు 15, పచ్చ 10. ఆ రోజు ఆ బార్ మీద అన్నీ కలిపి 130 కిలోలున్నాయి. మన రేషన్ షాపుకొచ్చే 50 కిలోల బియ్యం బస్తాలు రెండూ, ఇంకో 30 కిలోలూ అన్నమాట.

ఆ బరువును 25 ఏళ్ల తెలుగమ్మాయి నేల మీది నుంచి భుజాల దాకా తెచ్చారు. ఊపిరి పీల్చుకున్నారు. భుజాల మీంచి తలపైకి లేపారు. చేతులు నిటారుగా చాచి, అడుగు కదలకుండా నిలబడ్డారు.

ఆమె కరణం మల్లీశ్వరి. ఊరు శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. అంతకుముందే స్నాచ్ అనే పద్ధతిలో 110 కిలోలు ఎత్తారు. 110, 130 కలిపితే 240. ఆ 240 కిలోలకు కాంస్య పతకం వచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమే. సిడ్నీ ఒలింపిక్స్ మొత్తం మీద మన దేశానికి దక్కిన పతకం కూడా అదొక్కటే.

ఈ పూట మల్లీశ్వరి ఆట జీవితం గురించి చెప్పుకుందాం. దానితోపాటు, ఆమె ఆటలో ఉన్న ఒకే ఒక్క కిటుకు గురించి కూడా. ఆ కిటుకు ఒలింపిక్స్‌కి వెళ్లేవాళ్లకే కాదు, మన భద్రాచలంలో, దుమ్ముగూడెంలో, చర్లలో రోజూ బరువులు ఎత్తే ప్రతి మనిషికీ అక్కరకొస్తుంది. దాన్ని ముందే ఒక్క ముక్కలో చెప్పేసుకుందాం. ముందు పద్ధతి, ఆ తర్వాతే బరువు.

మన అడవి పల్లెల్లో బరువు మోయని ఆడమనిషి కనపడదు. ఎండాకాలం వస్తే తునికాకు కట్టలు. వానలకు ముందు వంటచెరకు మోపులు. కోతలయ్యాక వడ్ల బస్తాలు. ఏడాది పొడుగునా నీళ్ల బిందెలు. పదేళ్ల పిల్ల నుంచి అరవై ఏళ్ల అవ్వ దాకా మోస్తూనే ఉంటారు. మోయడం అందరికీ వచ్చు. కానీ నేల మీది బరువును ఎలా ఎత్తాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అందుకే నలభై దాటేసరికి ఇంటింటా నడుం నొప్పి మాట వినపడుతుంది. వెయిట్ లిఫ్టింగ్ అన్నది ఆ నేర్పని చదువే. నేల మీది బరువును ఒంటికి దెబ్బ తగలకుండా తలపైకి చేర్చే చదువు.

మల్లీశ్వరి ఊరున్న శ్రీకాకుళం జిల్లాకు బలం కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడు పేరు మీలో పెద్దవాళ్లు వినే ఉంటారు. 2022 దాకా ఈ జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. కదిలే మోటారు కార్లను గొలుసులతో పట్టి ఆపిన మనిషి. కలియుగ భీముడని బిరుదు. 1942లో కన్నుమూశారు. ఆయన తర్వాత కృష్ణా జిల్లా నుంచి దండమూడి రాజగోపాల్ వచ్చారు. దేశం తరఫున బరువులు ఎత్తిన లిఫ్టర్. 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో భీముడి వేషం వేసింది ఆయనే. ఉత్తరాంధ్ర పల్లెల్లో తాలింఖానాలుండేవి. కుర్రాళ్లు సాయంత్రాలు అక్కడ గదలు తిప్పేవాళ్లు, దండీలు బస్కీలు తీసేవాళ్లు, రాతిగుండ్లు ఎత్తేవాళ్లు.

ఒక్కటి గమనించండి. ఈ పేర్లన్నీ మగవాళ్లవే. తాలింఖానా గడప ఆడపిల్ల తొక్కడమన్నది చాలాకాలం ఊహకు కూడా అందలేదు. నీళ్లూ కట్టెలూ గింజలూ ఆడవాళ్ల నెత్తిన పెట్టిన సమాజమే, బలం అనేసరికి అది మగవాళ్ల సొత్తు అంది. ప్రపంచమంతటా ఇదే తీరు. ఆడవాళ్లకు వెయిట్ లిఫ్టింగ్‌లో ప్రపంచ పోటీలు మొదలైందే 1987లో. ఒలింపిక్స్‌లో మగవాళ్లు 1896 నుంచీ బరువులు ఎత్తుతున్నారు. ఆడవాళ్లకు అవకాశం 2000లో గానీ రాలేదు. నూట నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ తలుపు తెరుచుకుంటున్న రోజుల్లో మల్లీశ్వరి పెరిగారు. 1975 జూన్ 1న పుట్టారు. తండ్రి మనోహర్‌ది రైల్వేలో పోలీసు ఉద్యోగం. తల్లి శ్యామల. ఇంటినిండా ఆడపిల్లలు. పెద్దక్క నరసమ్మ ముందుగా బరువులు ఎత్తడం మొదలుపెట్టారు. ఆమెను చూసి చెల్లెళ్లూ దిగారు. ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న అనే గురువు ఉండేవారు. పన్నెండేళ్ల వయసులో మల్లీశ్వరి ఆయన దగ్గర చేరింది. అప్పటికింకా బక్కపలచని పిల్ల. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకున్నా, కూతుళ్లను వెనక్కి లాగకుండా ముందుకు తోసింది తల్లి శ్యామలే. ఆ కాలంలో, ఆ ఊళ్లో, ఆడపిల్లలను బరువులు ఎత్తడానికి పంపిన తల్లి ధైర్యం, ఆ తర్వాత కూతురు ఎత్తిన బరువులకేమీ తీసిపోదు.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికి వద్దాం.

లిఫ్టింగ్‌లో చేరిన పిల్లకు మొదటి రోజే బరువు ఇవ్వరు. ఒక కర్ర ఇస్తారు. మామూలు కర్ర. లేదంటే బిళ్లలు లేని ఖాళీ బార్. దాంతోనే వంగడం, కూర్చోవడం, లేవడం. వారాలు గడుస్తాయి. నెలలు గడుస్తాయి. కదలిక ఒంటికి పట్టాక గానీ చివర్లో చిన్న బిళ్ల ఎక్కదు. ముందు పద్ధతి, ఆ తర్వాతే బరువు.

పద్ధతి అంటే ఏమిటి? ఇంట్లో బియ్యం బస్తాను మనసులో పెట్టుకుని వినండి. మీ ముందు నేల మీద ఒక బస్తా ఉంది. మామూలుగా మనమేం చేస్తాం? కాళ్లు నిటారుగా ఉంచి, నడుం వంచి, చేతులు చాచి బస్తా చెవులు పట్టుకుంటాం. ఒక్క గుంజు గుంజుతాం. ఆ గుంజుడు భారమంతా నడుం కింది వెన్నుపూసల మీద పడుతుంది. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుం మీద భారం అంత పెరుగుతుంది. బస్తా అదే. తూకం అదే. దాన్ని పట్టుకున్న దూరం మారింది, అంతే.

లిఫ్టర్ అలా చేయరు. బార్ దగ్గరికి వెళ్తారు. ఎంత దగ్గరికంటే, బార్ కింద పాదాలుంటాయి, బార్ మోకాలి కింది ఎముకకు దాదాపు తగులుతుంటుంది. పాదాలు తుంటి వెడల్పున పెడతారు. మోకాళ్లు వంచి కిందికి దిగుతారు. వీపు పలకలా చదునుగా ఉంచుతారు. ఛాతీ ముందుకు, చూపు ఎదురుగా. ఊపిరి నిండా పీల్చి పొట్ట బిగిస్తారు. అప్పుడు చేతులతో గుంజరు. కాళ్లతో నేలను కిందికి తన్నుతారు. నేలను తన్నితే ఒళ్లు పైకి లేస్తుంది, ఒంటితోపాటు బరువూ లేస్తుంది. చేతులు అక్కడ పట్టుకునే కొక్కేలు మాత్రమే. ఎత్తేవి కాళ్లు.

బస్తాకూ ఇదే వర్తిస్తుంది. దగ్గరికి వెళ్లండి. మోకాళ్లు వంచండి. బస్తాను ఒంటికి ఆనించుకోండి. వీపు వంకర పోనివ్వకండి. కాళ్ల బలంతో లేవండి. లేచాక పక్కకు పెట్టాలంటే నడుం తిప్పకండి, పాదాలతో సహా మొత్తం మనిషే తిరగండి. దించేటప్పుడూ అంతే, మోకాళ్లు వంచి దించండి. బరువు మరీ ఎక్కువైతే ఇంకో మనిషిని పిలవండి, అందులో నామోషీ ఏమీ లేదు. నడుం నొప్పి కాలిలోకి పాకుతూ తిమ్మిరెక్కుతుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి. మళ్లీ ఒక్కసారి చెప్పుకుందాం. బరువు ఒంటికి దగ్గరగా. వీపు చదునుగా. ఎత్తేది కాళ్లతో.

ఈ ఆటలో పట్టు కూడా ఒక విద్యే. మామూలుగా కర్ర పట్టుకుంటే బొటనవేలు వేళ్ల మీద పడుతుంది. లిఫ్టర్లు బొటనవేలిని ముందు బార్‌కు చుట్టి, దాని మీద చూపుడువేలు, మధ్యవేలు వేసి బిగిస్తారు. మొదట్లో బొటనవేలు నలిగిపోతుంది. గోరు నీలం తిరుగుతుంది. చర్మం చీలుతుంది. అలవాటయ్యాక ఆ పట్టు తాళం వేసినట్టు ఉంటుంది, బరువు జారదు. చేతులకు తెల్లటి పొడి పూసుకుంటారు చూడండి, అది చెమట పీల్చడానికి.

పోటీలో రెండు పద్ధతులుంటాయి. మొదటిది స్నాచ్. నేల మీది బరువు మధ్యలో ఆగకుండా ఒకే ఊపులో తలపైకి వెళ్లాలి. రెండోది క్లీన్ అండ్ జెర్క్. ముందు భుజాల మీదికి, అక్కడ క్షణం ఆగి తలపైకి. ఒక్కో పద్ధతిలో మూడేసి అవకాశాలు. రెండింటిలో మంచి బరువులు కలిపి లెక్క వేస్తారు. చూసేవాళ్లకు బార్‌ను తలపై దాకా చేతులతో లాగేస్తున్నట్టే కనపడుతుంది. నిజానికి బార్ నడుం ఎత్తు దాటాక లిఫ్టరే చటుక్కున దాని కిందికి దూరి కూర్చుంటారు. బరువు పైకి వెళ్లే వేగం తగ్గిపోయే ఆ రెప్పపాటులో మనిషి కిందికి వెళ్లాలి. ఆ తర్వాత కాళ్లతో లేవాలి. ఇది కండబలంతో అయ్యే పని కాదు, వేల సార్లు చేస్తే గానీ రాదు.

మల్లీశ్వరి ఆ సాధనే చేశారు. 1990లో అక్క కృష్ణకుమారి జాతీయ శిబిరానికి వెళ్తుంటే ఆమెతోపాటు వెళ్లారు. అక్కడ కోచ్‌ల కళ్లలో పడ్డారు. అక్క వెంట వచ్చిన పిల్ల, శిబిరంలో పిల్ల అయింది. అక్కడి నుంచి వెనక్కి చూడలేదు. 1993లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 54 కిలోల విభాగంలో మూడో స్థానం. 1994లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత. 1995లో గ్వాంగ్‌జౌలో మళ్లీ ప్రపంచ విజేత. 1996లో మళ్లీ మూడో స్థానం. వరసగా నాలుగేళ్లు ప్రపంచ వేదిక మీద పతకం. అప్పటికామె వయసు 20. అర్జున అవార్డు, రాజీవ్ గాంధీ ఖేల్ రత్న, 1999లో పద్మశ్రీ వచ్చాయి. ఇవన్నీ సిడ్నీకి ముందే వచ్చినవి. మల్లీశ్వరి అంటే సిడ్నీ ఒక్కటే గుర్తొస్తుంది మనకు. కానీ ఆ పతకం వెనకాల పదమూడేళ్ల సాధన, రెండు ప్రపంచ కిరీటాలు ఉన్నాయని మరిచిపోకూడదు.

ఇక్కడ కాస్త దూరం వెళ్లి వద్దాం. మంగోలియా అని ఒక దేశం ఉంది. రష్యాకూ చైనాకూ నడుమ, గడ్డి మైదానాల దేశం. అక్కడ ఏటా నాదమ్ అనే పెద్ద పండగ చేస్తారు. మన జాతరలాంటిదే. కుస్తీ, గుర్రప్పందేలు, విలువిద్య, ఈ మూడూ ఆ పండగ ఆటలు. విల్లు ఆడవాళ్లూ పడతారు. గుర్రం ఆడపిల్లలూ ఎక్కుతారు. కుస్తీ బరిలోకి మాత్రం ఆడవాళ్లకు చోటు లేదు. మరి కుస్తీ రక్తంలో ఉన్న ఆ దేశపు ఆడపిల్లలు ఏం చేశారు? జూడోలోకి వెళ్లారు. ఆడవాళ్ల జూడో 1992లో ఒలింపిక్స్‌లో చేరింది. ముంఖ్‌బాతిన్ ఉరాంత్సెత్సెగ్ అనే అమ్మాయి 2013లో 48 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయ్యారు, టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు. దోర్జ్‌సురెన్ సుమియా 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచి, మరుసటి ఏడాది ప్రపంచ విజేతగా నిలిచారు. ఊరి బరిలో చోటు దొరకని వాళ్లు ప్రపంచ బరిలో నిలబడ్డారు. జూడో నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం ఏమిటో తెలుసా? ఎదుటివాళ్లను పడేయడం కాదు. దెబ్బ తగలకుండా తాము ఎలా పడాలి అన్నది. అక్కడ కూడా పద్ధతే ముందు.

మళ్లీ మల్లీశ్వరి దగ్గరికి వద్దాం. 1997లో ఆమెకు పెళ్లయింది. భర్త రాజేశ్ త్యాగి కూడా వెయిట్ లిఫ్టరే, హర్యానా మనిషి. 1998లో ఆట నియమాలు మారాయి. ఆమె రెండుసార్లు గెలిచిన 54 కిలోల విభాగమే లేకుండా పోయింది. కొత్త విభాగాలు వచ్చాయి. ఆమె పై విభాగాలకు వెళ్లారు. ఆ ఏడాది బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం గెలిచారు. సిడ్నీ నాటికి 69 కిలోల విభాగం. విభాగం మారడమంటే చిన్న సంగతి కాదు. ఒళ్లు మారుతుంది, ఒంటి తూకం మారుతుంది, ఎదురయ్యే పోటీదారులు మారతారు. సిడ్నీకి ఆమెను పంపడం మీద విమర్శలొచ్చాయి. ఆమె పనైపోయిందన్నవాళ్లున్నారు. ఒళ్లు చేసిందన్నవాళ్లున్నారు. ఒక ఆడమనిషి బలం గురించి మాట్లాడాల్సిన చోట ఆమె ఒళ్లు గురించి మాట్లాడారు. మనసు కష్టపెట్టే మాటలవి.

ఆ మాటల్ని మోసుకునే ఆమె సిడ్నీ వేదిక ఎక్కారు. చైనా అమ్మాయి లిన్ వీనింగ్ మొత్తం 242.5 కిలోలు ఎత్తింది. హంగరీ అమ్మాయి ఎర్జెబెత్ మార్కుష్ కూడా సరిగ్గా 242.5. అప్పటి నియమం ప్రకారం ఇద్దరూ సమానమైతే ఎవరి ఒంటి బరువు తక్కువో వాళ్లే ముందు. అలా లిన్‌కు స్వర్ణం, మార్కుష్‌కు రజతం. మల్లీశ్వరి 240 దగ్గర ఉన్నారు. తేడా ఎంత? రెండున్నర కిలోలు. రెండు కిలోల పంచదార పొట్లం, మీద ఇంకో అరకిలో.

ఆమె చివరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించుకున్నారు. అది లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది. స్వర్ణం ఇక తిరుగులేకుండా ఆమెదే. అది లేవలేదు. బార్ కిందికి వచ్చేసింది. 135 పెట్టుకుని ఉంటే సరిపోయేది కదా అని లెక్కలు వేసేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. నిజమే, 135 లేచినా మొత్తం 245 అయ్యేది. కానీ ఆ వేదిక మీద, ఆ క్షణంలో, స్వర్ణం వైపు చెయ్యి చాచిన మనిషి ధైర్యాన్ని చూడాలి ముందు. కాంస్యం చేతిలో ఉండగా, ఇక చాలనుకోకుండా, అప్పటిదాకా ఎత్తినదాని మీద ఏడున్నర కిలోలు ఎక్కువ అడిగారు. మన దేశంలో అంతకుముందు ఏ ఆడమనిషికీ ఒలింపిక్స్‌లో స్వర్ణం కోసం ప్రయత్నించి ఓడే అవకాశం కూడా అంత దగ్గరగా రాలేదు. 1984 ఒలింపిక్స్ పరుగు పందెంలో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న సంగతి దేశమంతా గుర్తుంచుకుంది. ఆ లోటు పదహారేళ్ల తర్వాత మల్లీశ్వరి చేతుల మీదుగా తీరింది.

ఆ తర్వాత? 2001లో కొడుకు పుట్టాడు. తల్లయ్యాక మళ్లీ బార్ పట్టారు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలకు సిద్ధపడుతుండగా తండ్రి చనిపోయారు. ఆ పోటీలకు వెళ్లలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 63 కిలోల విభాగంలో దిగారు. కానీ నడుం సహకరించలేదు. వెన్ను నొప్పితో పోటీ పూర్తి చేయలేకపోయారు. ఆ తర్వాత ఆట నుంచి తప్పుకున్నారు. అప్పటికి ఆమె వయసు 29.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పద్ధతి తెలిసినంత మాత్రాన వెన్నుకు ఎప్పటికీ ఏమీ కాదని కాదు. పదిహేడేళ్లపాటు సాధన చేసి, ఒంటి బరువుకు దాదాపు రెట్టింపు దాకా ఎత్తిన శరీరం అది. అంత పద్ధతిగా ఎత్తిన మనిషికే వెన్ను మొరాయించిందంటే, పద్ధతి తెలియకుండా రోజూ గుంజే మన నడుముల సంగతేమిటో ఆలోచించండి. ఒంటికి విశ్రాంతి కావాలి. నొప్పిని పంటి బిగువున భరించడం గొప్ప కాదు. లిఫ్టర్లు కూడా రోజూ పెద్ద బరువులు ఎత్తరు. కొన్ని రోజులు తేలికగా, కొన్ని రోజులు అసలే ఎత్తకుండా ఉంటారు. తునికాకు సీజన్‌లో ఆ వెసులుబాటు మన వాళ్లకుండదు, నిజమే. కానీ పెద్ద కట్టను ఒకేసారి ఎత్తే బదులు రెండు విడతలుగా ఎత్తడం చేతిలో పనే.

ఆట మానేశాక మల్లీశ్వరి భారత ఆహార సంస్థలో ఉద్యోగం కొనసాగించారు. దేశానికంతటికీ ధాన్యం బస్తాలు నిల్వ చేసే సంస్థ అది. హర్యానాలోని యమునానగర్‌లో అకాడమీ పెట్టి పిల్లలకు వెయిట్ లిఫ్టింగ్ నేర్పుతున్నారు. 2021లో ఢిల్లీ ప్రభుత్వం కొత్తగా పెట్టిన ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతిగా ఆమెను నియమించింది. ఊసవానిపేట పిల్ల ఒక విశ్వవిద్యాలయానికి పెద్ద అయ్యారు. తెలుగు నేల మీద ఆమెకు ఇంతకంటే పెద్ద పని అప్పజెప్పి ఉండాల్సింది. ఆమె చేతి కింద తయారైన పిల్లల్లో మన పిల్లలు ఇంకా ఎక్కువమంది ఉండాల్సింది.

ఆమె వేసిన దారి మాత్రం ఊరుకోలేదు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లె ఉంది. అక్కడ ఇంటికొకరు బరువులు ఎత్తుతారని పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. ముందు కాంస్యం ఇచ్చారు. పైనున్న అమ్మాయి నిషేధిత మందు వాడినట్టు తేలడంతో సంతోషి పతకం రజతంగా మారింది.

ఇక మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను కథ మన అడవి పిల్లలు తప్పకుండా వినాలి. ఆమెది ఇంఫాల్ దగ్గర కొండ పల్లె. చిన్నప్పుడు అన్నతో కలిసి కట్టెలకు వెళ్లేది. అన్న ఎత్తలేని మోపును ఈ పిల్ల ఎత్తుకుని ఇంటికి వచ్చేసేదట. ఆ పిల్లే 2021 జులై 24న టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తి రజతం గెలిచింది. వెయిట్ లిఫ్టింగ్‌లో మల్లీశ్వరి తర్వాత ఒలింపిక్ పతకం ఆమెదే. చర్ల అడవిలో, పినపాక అడవిలో అలా మోపులు ఎత్తే పిల్లలు ఎంతమంది లేరు? వాళ్ల ఒంట్లో బలం ఇప్పటికే ఉంది. వాళ్లకు దొరకనిది కర్ర పట్టుకుని పద్ధతి చెప్పే మనిషి.

మన ప్రాంతం ఆటలకు దూరమని అనుకోనక్కర్లేదు. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025లో అండర్ 19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లండ్ మీద 110 పరుగులు చేసింది. ఆ ప్రపంచకప్ చరిత్రలో అదే తొలి సెంచరీ. టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. కూతురి ఆట కోసం తండ్రి కుటుంబాన్ని భద్రాచలం నుంచి జంటనగరాలకు మార్చారు. చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు. ఇద్దరూ గురుకుల పాఠశాలల పిల్లలే.

అందరు తండ్రులూ ఊరు వదిలి వెళ్లలేరు. కాబట్టి దగ్గర్లో ఉన్న దారి తెలుసుకుందాం. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లల కోసం ఆదర్శ క్రీడా పాఠశాల ఉంది. హైదరాబాద్ శివార్లలో హకీంపేట క్రీడా పాఠశాల ఉంది. చిన్న తరగతుల్లోనే పిల్లల్ని పరుగు, గెంతు, ఒంటి వంపు చూసి ఎంపిక చేసుకుంటారు. హకీంపేటలో అయితే నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. అంటే ఎనిమిది తొమ్మిదేళ్ల వయసు. పదో తరగతి అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది. మీ ఊరి ఆశ్రమ పాఠశాలలోనో, గురుకులంలోనో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటారు. ఎంపికలు ఎప్పుడు జరుగుతాయని ఆయన్నే అడగండి. గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ కార్యాలయంలోనూ అడగవచ్చు. తల్లులు అడగండి. మల్లీశ్వరిని ముందుకు తోసిన శ్యామలమ్మ కూడా ఒక తల్లే కదా.

పిల్లను పంపేవాళ్లకు రెండు జాగ్రత్తలు. చేరిన నెలకే ఎంత బరువు ఎత్తిందని అడగకండి. కర్రతో ఏం నేర్చుకుందో చేసి చూపించమనండి. వీపు చదునుగా ఉందా, మోకాళ్లు వంగాయా, బార్ ఒంటికి దగ్గరగా ఉందా, ఈ మూడూ మీరే చూడగలరు. రెండోది తిండి. బరువులు ఎత్తే పిల్లకు ఖాళీ అన్నం చాలదు. పప్పు, గుడ్డు, పాలు, పల్లీలు, మన చేపలు, వీటిలో వీలైనవి రోజూ పడాలి. ఇంట్లో మగపిల్లాడికి పెట్టే గుడ్డు ఆడపిల్లకూ పెట్టాలి.

బార్ కొనే స్తోమత ఏ పల్లెకూ ఒక్కరోజులో రాదు. మొదటి ఆరు నెలలకు అది అక్కర్లేదు కూడా. మోదుగ కొమ్మో, వెదురు బద్దో చాలు. బడి ముందర చదునైన నేల, నేర్పే ఒక మాస్టారు, సాయంత్రం ఒక గంట. పన్నెండేళ్ల మల్లీశ్వరి ఆమదాలవలసలో మొదలుపెట్టినప్పుడు ఆమెకూ పెద్ద సదుపాయాలేమీ లేవు.